తాడు పట్టే మనిషి

శ్వేతశైల రాజ్యపు పొలిమేరలో, మబ్బులు దారి తప్పి వచ్చి శిఖరాలకు తలలు కొట్టుకునే నల్లకొండల నడుమ, మాటల బావి అనే అగాధం ఒకటి ఉంది. పేరుకే అది బావి. ఏనుగుల మందను పక్కపక్కన నిలబెట్టినా దాని నోరు మూతపడదు. లోపలి నుంచి నీలిపొగ సుడులు తిరుగుతూ లేచి, అంచున పూసిన మోదుగుపూల మీద పేరుకుని, ఎండ సోకితే వైడూర్యంలా మెరుస్తుంది. చూడడానికి కళ్ళు చాలవు. దగ్గరికి వెళితే ప్రాణాలు చాలవు! ఎవరి గొంతు ఒక్కసారి విన్నా సరే, ఆ బావి అదే గొంతుతో మాట్లాడుతుంది. గొంతు మనది, మాటలు దానివి. ఇంకో దుర్గుణం కూడా ఉంది దానికి. దాని అంచున వేసిన ముడి ఏదీ నిలవదు. కొప్పుముడి మొదలు మొలతాడు ముడి దాకా అన్నీ వాటంతటవే ఊడిపోతాయి. పెద్దమనుషులు ఆ ఛాయలకు పోకపోవడానికి భయమొక్కటే కారణం కాదన్నమాట.

ఆ బావికి కూతవేటు దూరంలో, బయ్యమ్మ నడిపే పూటకూళ్ళ ఇంట్లో, మిట్టమధ్యాహ్నం వేళ, సేనానాయకుడు అమరభల్లుడు విస్తరి ముందు కూర్చుని పచ్చి మిరపకాయ నములుతున్నాడు.

"కారంగా ఉండాదా నాయనా?" అంది బయ్యమ్మ, ఎదురుగా గొంతుక్కూర్చుని.

"తెలియడం లేదు అవ్వా."

"ఇంకొకటి వెయ్యనా?"

"వెయ్యి."

బయ్యమ్మ ఇంకొకటి వేసింది. అమరభల్లుడు అది కూడా నమిలి మింగాడు. కంట నీరు లేదు, ముక్కున నీరు లేదు. చూస్తున్న బయ్యమ్మకే కళ్ళు చెమర్చాయి.

అతను పుట్టుకతో అలాంటివాడు కాదు. ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు అతని చెల్లెలు మందారికను ఎత్తుకుపోతూ, అడ్డం వచ్చిన అతని గుండెల మీద పిడికెడు హిమభస్మం చల్లాడు. ఆనాటి నుంచి అమరభల్లుడికి లోపల ఏదీ పలకడం మానేసింది. ఆకలి లేదు, వేళకు తింటాడు. నిద్ర రాదు, చీకటి పడితే పడుకుంటాడు. చెల్లెలి కోసం కొండలు దాటుతున్నాడు కానీ, ఆమె మీద ప్రేమ ఉందా అని అడిగితే జవాబు చెప్పలేడు. ఒకప్పుడు ఉండేదని మాత్రం గుర్తుంది. ఆ గుర్తు పట్టుకునే నడుస్తున్నాడు.

మందారిక ఆ బావి అడుగున ఉంది. మాంత్రికుడి శాపంతో పాదాల నుంచి పైకి రాయిగా మారుతోంది. ఆమె చేతి నుంచి జారిన ఎర్రగాజు ఒకటి అమరభల్లుడి దగ్గరుంది. ఆమె ఎంత రాయి అయితే గాజు అంత బూడిదరంగుకు తిరుగుతుంది. ఈ పొద్దున చూస్తే ఎరుపు గోరంతే మిగిలింది. పొద్దుగూకే లోపల ఎవరైనా ఆమెను తాకి పేరు పెట్టి పిలవాలి. లేకపోతే ఆ రాయి ఇక మనిషి కాదు.

బావిలోకి దిగడానికి చేంతాడు ఉంది. దాని కొసన కూర్చోవడానికి ముడిలేకుండా నేసిన ఉట్టి ఉంది. పైన తాడును ఒక చుట్టు తిప్పుకోవడానికి రాతికంబం ఉంది. ముడి నిలవదు కనుక, తాడు పట్టే మనిషి కావాలి. బావి ఏ గొంతుతో ఏం కూసినా వదలని మనిషి.

మనుషులను ఎంచడంలో అమరభల్లుడిని మించినవాడు ఆ రాజ్యంలో లేడు. గుర్రాలకు గడ్డి వేసేవాడి దగ్గర్నుంచి దుర్గాధిపతి దాకా అందరినీ కొలువులో పెట్టింది అతనే. వచ్చినవాడి ముంజేయి పట్టుకుని కళ్ళలోకి చూసేవాడు. లోపల ఏదో ఒకటి తోచేది. తోచిందే చెప్పేవాడు. ఏనాడూ తప్పలేదు. ఆ తోచేదే ఇప్పుడు పోయింది! వంటవాడికి నాలుక పోయినట్టయింది అతని పని.

అయినా చాటింపు వేయించాడు. తాడు పట్టి నిలిచినవాడికి కోరిన కొలువు అన్నాడు. ఊళ్ళన్నీ తిరిగి వచ్చిన ఆ చాటింపుకు ఇద్దరు మాత్రమే వచ్చారు.

మొదటివాడు కాటమల్లు. వస్తాదు. లోపలికి వస్తూనే బయ్యమ్మ రోలును ఒంటిచేత్తో ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"దించరా సచ్చినోడా! రేపు పిండి నీ నెత్తిన రుబ్బుకోమంటావా?" అని అరిచింది బయ్యమ్మ.

అమరభల్లుడు వాడి ముంజేయి పట్టుకుని కళ్ళలోకి చూశాడు. రోకలిని పట్టుకున్నట్టే ఉంది. ఇంకేమీ తోచలేదు. గత్యంతరం లేక నోటితోనే అడిగాడు.

"బావిలోంచి మీ అమ్మ గొంతు వినబడి, తాడు వదలమంటే ఏం చేస్తావు?"

"మా యమ్మ పోయి శానా కాలమాయె దొరా. దయ్యమై వచ్చినా నన్ను చూసి జడుచుకుంటాది."

"నీకు భయమేస్తే?"

"భయమా? అదెట్లుంటాదో మీరే చెప్పాల!" అని తొడగొట్టాడు కాటమల్లు.

ఒకప్పుడైతే అమరభల్లుడికి నవ్వు వచ్చేది. ఇప్పుడు "పెరట్లో కూర్చో" అన్నాడంతే.

రెండోవాడు వాకిట్లో అడుగుపెట్టగానే, వచ్చేపోయేవాళ్ళందరి మీదా ఎగబడే బయ్యమ్మ కుక్క తోక ఊపుతూ వెళ్ళి వాడి పాదాల దగ్గర పడుకుంది. పేరు సౌమ్యదత్తుడట. చందనపు బొమ్మలాంటి ఒళ్ళు, వెన్నెల కాచినట్టు నవ్వు, చెవులకు పచ్చల పోగులు, మెడలో బంగారు రక్షరేకు. వాడు నోరు తెరిచి "అవ్వా, బాగున్నారా" అనగానే బయ్యమ్మ ముఖం చేటంత అయింది. గబగబా వెళ్ళి దాచుకున్న తేనె తెచ్చి పెట్టింది. సొంత కొడుకు పెళ్ళిలో కూడా బయటికి తీయని తేనె అది!

అమరభల్లుడు వీడి ముంజేయి కూడా పట్టుకున్నాడు. ఏమీ తోచలేదు. ఇష్టం లేదు, అయిష్టం లేదు.

"మీ అమ్మ గొంతు వినబడితే?"

"చెవుల్లో మైనం పెట్టుకుంటాను ప్రభూ. మైనం కరిగితే మీ చెల్లెలి పేరు జపిస్తాను."

"భయమేస్తే?"

"వేస్తుంది ప్రభూ. వేసినా నిలబడతాను. భయం లేనివాణ్ణి నమ్మకండి."

అడిగిన ప్రతిదానికీ తిరుగులేని జవాబు. అమరభల్లుడు కొలువులో పెట్టిన మహావీరులు కూడా అంత బాగా చెప్పలేదు. పక్కనే బయ్యమ్మ, "ఇంకేం చూస్తావు నాయనా! ముత్యమట్లాంటి పిల్లోడు!" అని తొందరపెడుతోంది. గాజు మీది ఎరుపు నువ్వుగింజంత అయింది.

ఇంతలో పెరట్లో పెద్ద గోల లేచింది. ముగ్గురూ కిటికీలోంచి చూశారు. ఒక బక్కపలచని ఆడమనిషి బూరెల బుట్ట ఒక పక్క పట్టుకుంది, కాటమల్లు ఇంకో పక్క పట్టుకుని లాగుతున్నాడు. వాడు గిరగిరా తిప్పితే ఆమె కాళ్ళు నేలకు ఆనడం లేదు. బూరెలన్నీ ఎప్పుడో మట్టిపాలయ్యాయి. ఖాళీ బుట్ట కోసం ఆ కొట్లాట!

"ఆ దొంగముండ పోలి!" బయ్యమ్మ చీపురు అందుకుంది. "ఈ చుట్టుపక్కల ఇది దొరికిపోయినన్ని సార్లు ఇంకే దొంగా దొరకలా. సిగ్గన్నా లేదు దీనికి!"

అమరభల్లుడు కిటికీ దగ్గర్నుంచి వెనక్కి వచ్చేశాడు. పొద్దు వాలుతోంది. తమలపాకులు, వక్క పళ్ళెంలో పెట్టుకున్నాడు. శ్వేతశైలంలో కొలువు ఖాయమైనట్టు గుర్తు తాంబూలమే. అందుకున్నాక ఇచ్చినవాడూ వెనక్కి తీసుకోకూడదు, పుచ్చుకున్నవాడూ కాదనకూడదు. రెండు చేతులా పళ్ళెం ఎత్తాడు. సౌమ్యదత్తుడు వినయంగా వంగి చేతులు చాచాడు.

సరిగ్గా అప్పుడు బయ్యమ్మ వంటింట్లోకి తొంగి చూసి, "అయ్యో, బియ్యం నిండుకున్నాయి గదా! రాత్రికి ఎట్లా మరి?" అంది.

"మంచిదే కదా అవ్వా!" అన్నాడు సౌమ్యదత్తుడు మధురంగా. "నిండుగా ఉంటే రాత్రికి లోటేముంది? కడుపునిండా తినవచ్చు."

బయ్యమ్మ పకపకా నవ్వింది. ముత్యం లాంటి పిల్లవాడు హాస్యమాడాడనుకుంది పాపం.

అమరభల్లుడికి నవ్వు రాలేదు. నవ్వు రాకపోవడం వల్లనే ఆ మాట అతని చెవిలో నిలిచింది. బియ్యం అయిపోయాయని ఏ ఇల్లాలూ నోటితో అనదు. నిండుకున్నాయంటుంది. ఉయ్యాలలోని పసిపాప తప్ప ఆ రాజ్యంలో ఆ మాట తెలియనివాళ్ళుండరు. పళ్ళేన్ని ఒక జానెడు వెనక్కి తీసుకున్నాడు.

"సౌమ్యదత్తా, దేవుడి గూట్లో దీపం కొండెక్కింది. చూశావా?"

సౌమ్యదత్తుడు తల తిప్పాడు. గూటి వైపు కాదు. కిటికీలోంచి నల్లకొండ శిఖరం వైపు! అరచేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని మరీ వెతికాడు. "ఎక్కడ ప్రభూ? నాకు కనబడడం లేదే!"

బయ్యమ్మ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"ఏ తల్లి ఒళ్ళో పెరిగావు నువ్వు?" అన్నాడు అమరభల్లుడు.

ఏ తల్లి ఒళ్ళోనూ పెరగలేదు వాడు! పచ్చల పోగులు ఊడి కింద పడ్డాయి. చందనపు ముఖం కొవ్వొత్తిలా కారిపోయింది. నోట్లోంచి బారెడు నీలిపొగ నాలుక బుసకొడుతూ బయటికి వచ్చింది. వాడు ధూమ్రజిహ్వుడు పొగతో చేసి పంపిన ధూమపిశాచి! "తాంబూలం ఇచ్చి ఉంటే ఈపాటికి నీ తాడు నా చేతిలో ఉండేది!" అని అరిచి, ఇంటి కప్పు ఎగిరిపోయేలా పెరిగి, అమరభల్లుడి భుజాన్ని కరిచి పెరట్లోకి విసిరేసింది.

అమరభల్లుడు లేచి కత్తి దూశాడు. పొగను కత్తి కోస్తుందా? ఇటు నరికితే అటు కలుస్తోంది. భుజం నుంచి రక్తం ధారకట్టింది కానీ అతనికి నొప్పి తెలియలేదు. కట్టెలు కొట్టేవాడిలా, కోపం లేకుండా, ఆగకుండా నరుకుతూనే ఉన్నాడు. భయమెట్లుంటుందో చెప్పమన్న కాటమల్లుకు ఆ సంగతి అప్పటికప్పుడు తెలిసివచ్చింది. గోడ దూకి, కొండ దిగి, ఎటు పోయాడో కూడా ఎవరూ చూడలేదు.

పోలి మాత్రం పారిపోలేదు. ఆమె కళ్ళు పిశాచి మెడలోని బంగారు రక్షరేకు మీద పడ్డాయి. పొగలో అదొక్కటే గట్టి వస్తువు. బుట్ట చంకన పెట్టుకుని, పొయ్యిగట్టు ఎక్కి, అక్కడి నుంచి ఒక్క గెంతున రక్షరేకును పట్టుకుని వేలాడింది.

పిశాచి కెవ్వుమంది. గాలిలోకి లేచింది. పోలిని పందిరి గుంజకేసి కొట్టింది, గాదెకేసి కొట్టింది, పెరటి గోడ దాకా ఈడ్చుకుపోయి మళ్ళీ ఈడ్చుకొచ్చింది. రక్షరేకు నిప్పులా కాగి, పట్టుకున్న అరచేతుల నుంచి పొగ వచ్చింది. "అమ్మా, అబ్బా, నీ తాడు తెగ, నీ వంశం పాడుగాను" అని పోలి తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది, వదలలేదు. చివరికి గొలుసు పుటుక్కున తెగింది. దాని ప్రాణమంతా ఆ రేకులోనే ఉందేమో, అంత పిశాచీ బుట్టెడు బూడిదై పెరట్లో రాలిపోయింది. రక్షరేకు కూడా పోలి పిడికిట్లోనే పొడి అయిపోయింది.

"ఇదేంది, బంగారం గాదా!" అని చతికిలబడి బావురుమంది పోలి.

అమరభల్లుడు వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. ముంజేయి పట్టుకోలేదు. కళ్ళలోకి చూడలేదు. బొబ్బలెక్కిన ఆ అరచేతుల వైపే చూశాడు.

"కాలుతుంటే ఎందుకు వదల్లేదు?"

"ఏమో సామీ. ఒకసారి పట్టుకున్నాక వదలడం నాకు శాతగాదు. చిన్నప్పటి నుంచీ ఇంతే. వదిలి పరిగెత్తితే నేనూ మంచి దొంగనే అయ్యేదాన్ని. వదల్లేకనే ప్రతిసారీ దొరికిపోతాండా."

అమరభల్లుడు లోపలికి వెళ్ళి తాంబూలం పళ్ళెం తెచ్చాడు. బయ్యమ్మకు గుండె ఆగినంత పనైంది.

"నాయనా! నీకేమన్నా మతిపోయిందా? దొంగదాని చేతిలో ప్రాణం పెడతావా?"

"నా లోపల ఏదీ పలకడం లేదు అవ్వా. అందుకని కళ్ళతో చూసినదాన్నే నమ్ముతున్నాను. వాళ్ళిద్దరూ వదలబోమని నోటితో చెప్పారు. ఈమె వదల్లేదు."

పోలి కన్నీళ్ళు తుడుచుకుని బేరానికి దిగింది. "నాకేమిస్తావు సామీ? వాకిట్లో ఉండే నీ తెల్లగుర్రం ఇస్తావా?"

"ఇస్తాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే తీసుకో."

పోలి అనుమానంగా చూసింది. "నువ్వు లోపలికి దిగినాక నేను దాన్ని ఎక్కి పోతే?"

"పోతే పోతావు."

ఆ మాటలో బెదిరింపు లేదు, ఆశ లేదు. ఎండ కాస్తోంది అన్నట్టు అన్నాడు. పోలికి అది పిశాచి కంటే ఎక్కువ భయమేసింది. తమలపాకు తీసి బుగ్గన పెట్టుకుంది.

వాళ్ళు అంచుకు చేరేసరికి పొద్దు కొండకు ఆనబోతోంది. పోలి కొప్పు తనంతట తానే విడిపోయింది. గుర్రపు పగ్గం ముడి ఊడబోతే దాన్ని కాలికింద తొక్కిపెట్టింది. అరచేతులకు గుడ్డ చుట్టుకుని, తాడును కంబానికి ఒక చుట్టు తిప్పి పట్టుకుంది.

"మెల్లగా దించుతూ ఉండు. బరువు తేలికైతే నేను అడుగు చేరినట్టు" అన్నాడు అమరభల్లుడు ఉట్టిలో కూర్చుంటూ. "బావి నా గొంతుతో అరుస్తుంది. ఏం విన్నా వదలకు. నేనే బతిమాలినా వదలకు."

"తిట్టొచ్చా?"

"తిట్టుకో."

ఉట్టి దిగింది. నీలిపొగ మీద మూసుకుంది. గోడల నిండా మరకతపు పొరలు, వాటి మీద తలకిందులుగా పూసిన వెండి తామరలు, వాటి నడుమ రెక్కలు ముడుచుకుని నిద్రపోతున్న గాజుకళ్ళ గబ్బిలాలు. లోకంలో ఎవరూ చూడని ఆ అందాన్నంతా అమరభల్లుడు గోడకు కొట్టిన పిడకలను చూసినట్టు చూస్తూ దిగాడు.

చాలా దూరం దిగాక పొగ అతని గొంతులో దూరింది. నోరు పెగలలేదు. వెంటనే పక్క నుంచి, అచ్చం అతని గొంతుతోనే, బావి కేక వేసింది. "పోలీ! చేరాను! తాడు వదిలెయ్!"

అమరభల్లుడు అరవబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. తాడు ఒక్కసారి అదిరింది. తర్వాత బిగుసుకుపోయింది.

"నీ గొంతు పడిపోను!" పైనుంచి పోలి కేక వచ్చింది. "బరువు అట్లనే ఉండాది గదా! ఎవురికి చెప్తాండావు?"

బావి ఊరుకుంటుందా? బతిమాలింది, కేకలేసింది, ఏడ్చింది, గుర్రం పారిపోతోందని చెప్పింది. పోలి దాని ఏడు తరాలనూ తిట్టింది. తిడుతూ తిడుతూ మొండికెత్తింది. ఇక వదలడం మాట దేవుడెరుగు, దించడం కూడా మానేసింది. ఉట్టి అక్కడే ఆగిపోయి ఊగసాగింది.

పొగ విచ్చుకుంది. అమరభల్లుడు కిందికి చూశాడు. మిద్దె ఎత్తు కింద, పచ్చగా నిగనిగలాడే నేల మీద, మందారిక నిలబడి ఉంది. గడ్డం దాకా రాయి. తలెత్తి అతన్నే చూస్తోంది. గాజు తీసి చూశాడు. ఎరుపు వెంట్రుకంత మిగిలింది.

గొంతు పెగిలింది. "పోలీ! ఇది నేనే! ఇంకా దించు!"

"ముందు కూడా నువ్వే అన్నావులే!"

"నిజంగా నేనే! కొంచెం వదులు!"

"నువ్వే బతిమాలినా వదలొద్దని చెప్పినాడు మా సామి! నా చేత వదిలించడం నీ తాత తరం గాదు!"

రాజ్యమంతా వెతికినా దొరకని మనిషిని ఎంచుకున్నాడు. ఎంపిక తప్పలేదు. తప్పకపోవడం వల్లనే మధ్యలో వేలాడుతున్నాడు. ఇక దూకాలి. దూకితే తాడు అందదు, తిరిగి పైకి వెళ్ళే దారి లేదు.

సరే, దూకుదాం అనుకున్నాడు, మిరపకాయ నమిలినంత తాపీగా. అప్పుడు మందారిక పెదవులు కదిలాయి.

"అన్నయ్యా, వద్దు! అది నేల కాదు!"

అతను మళ్ళీ చూశాడు. నేల మెల్లగా పైకి లేచింది, మెల్లగా కిందికి దిగింది. పచ్చని పొలుసులు ఒకదాని మీద ఒకటి జారాయి. మందారిక నిలబడ్డది ఊపిరి పీలుస్తున్న ఏదో దాని వీపు మీద.

రాయి ఆమె పెదవులను మూసేసింది. కళ్ళు మిగిలాయి. ఆ కళ్ళు వద్దు వద్దు అంటున్నాయి.

అమరభల్లుడి అరచేతుల్లో చెమట పట్టింది. భుజం మీద పిశాచి కరిచిన చోట మంట పుట్టి, ప్రాణం లాగేసేంత నొప్పయి, మెడ దాకా పాకింది. ఇదేమిటా అని ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక పళ్ళు గిట్టకరుచుకున్నాడు. అతనికి భయమేస్తోంది! చావు భయం! చెల్లెలు చచ్చిపోతుందేమోనన్న భయం! ఏ భయమూ లేని ఇన్నాళ్ళలో దూకి ఉంటే ఎంత తేలిక! కన్నీళ్ళు ధారగా కారుతుండగా, "మందారికా" అని గట్టిగా పిలిచి, ఉట్టిని వదిలేసి, ఆమె మీదికి దూకాడు.

ఎక్కడో పైన, పొగకు ఆవల, పోలి తిట్లు టక్కున ఆగిపోయాయి.

"సామీ? నేను దించకనే తాడు తేలికైందేంది సామీ? పలకవేం?" అంది ఆ గొంతు. తర్వాత ఏడుపందుకుంది. "నేను వదల్లేదు సామీ! నా మీద ఒట్టు, నేను వదల్లేదు!"